నాలుగో చప్పుడు

అమ్మకి నీ కొడుకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ, ఇల్లూ, వంటింట్లో కారే కుళాయీ అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అక్కా, పాపా బాగున్నారనుకుంటాను. పాప ఎవరినీ నిద్రపోనివ్వడం లేదని రాశావు. నా పోలికేనని అక్క అంటోందట. అననీ. అన్నీ నా మీదికే రావాలి కదా.

నువ్వడిగినవి చెప్తాను. కుళాయికి వాషరు వేశాను, అయినా కారుతోంది. టైర్ల షాపులో పని నేను మానలేదు, ఓనరూ మానిపించలేదు. వేళకి తింటున్నాను. వంతెనకి నాన్న పేరు పెట్టిన సభ గురించి మాత్రం బాబాయి ఫోన్లో చెప్పింది సగమే. మిగతా సగం నేను ఫోన్లో చెప్తే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను, ఇద్దరికీ ఏమీ వినపడదు. అందుకే ఈ కాగితం.

జనం బాగానే వచ్చారు. నాన్న దగ్గర పనిచేసిన మేస్త్రీలు కుర్చీల్లేక వెనక నిలబడ్డారు. మైకు పట్టుకున్న ప్రతివాడూ నాన్న కట్టిన వంతెనల పొడుగులు చెప్పాడు. "ఆయనకి ఇల్లూ సంసారం పట్టేవి కావు, వంతెనే లోకం" అని ఒక పెద్దాయన అంటే అందరూ చప్పట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది. పునాదులు పడే రోజుల్లో ఇసుక లారీ ఎక్కి ఇంటికొచ్చి, మనతో కూర్చుని తిని, అక్క లెక్కలు దిద్ది, మళ్ళీ అదే లారీలో పోయిందెవరు? నీకు జ్వరమొస్తే ప్లాన్లు మంచం మీదే పరుచుకుని, ఒక చేత్తో నీ కాళ్ళు నొక్కుతూ ఇంకో చేత్తో గీతలు గీసిందెవరు?

నాన్న పేరు చెక్కిన రాయి ఫోటో పంపలేదని కోప్పడకు. నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు, అందంగానే ఉంది. ఎక్కడ పెట్టారో బాబాయి చెప్పలేదు కదా. మన ఇంటివైపు చివరి జాయింటు మీద.

నీకు తెలిసిందే, అయినా చెప్పనీ. వంతెన ముక్కకీ ముక్కకీ మధ్య నాన్న సందు వదిలేవాడు. ఎండకి కాంక్రీటు సాగుతుంది, దానికి చోటు కావాలి. ఇంటికొచ్చేటప్పుడు మన స్కూటరు ఒక్కో సందు దాటినప్పుడల్లా టక్కుమనేది. మొదటి చప్పుడుకి "అమ్మ" అనేవాడు నాన్న. రెండోదానికి "అక్క". మూడోదానికి "బుడ్డోడు". నాలుగోది ఆయనది. "మీరంతా దాటాకే నేను" అనేవాడు. ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ నువ్వు "ముందు రోడ్డు చూడండి" అని వీపు మీద ఒక్కటిచ్చేదానివి.

ఆ నాలుగో సందు పూడ్చేశారమ్మా. పెద్దవాళ్ళ కారు కుదుపు లేకుండా ఆగాలని రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సందులో కాంక్రీటు నింపి, ఒక పక్కన ఆ కాంక్రీటు మీదే దిమ్మె కట్టి రాయి నిలబెట్టారు. వంతెన కట్టినవాడి పేరు పెట్టడానికి వంతెనకే ఊపిరాడకుండా చేశారు.

నాన్న కుర్చీలో ఇప్పుడున్న ఇంజనీరుని ఆ రోజే అడిగాను.

"సార్, ఇది జాయింటు కదా?"

"నాకు తెలీదా తమ్ముడూ. చోటు అక్కడే బాగుందన్నారు పైవాళ్ళు. ఫంక్షన్ కానీ, చూద్దాం."

ఫంక్షన్ అయింది. ఆయన ఆఫీసు చుట్టూ నా చెప్పులు అరిగాయి. వెళ్ళినప్పుడల్లా టీ ఇప్పించి పంపేస్తాడు. మొన్న మాత్రం తలుపు దగ్గరికేసి అన్నాడు: "మేం ఆ రాయి కదిపితే మీ నాన్నగారిని అవమానించామంటారు. అక్కణ్ణించి తీయమని మీ అమ్మగారు రాసిస్తే ఒక్క పూట పని. ఎండలు ముదిరితే అంచులు పగుల్తాయి. నాకూ నిద్ర పట్టట్లేదయ్యా."

ఇంకోటి దాచాను. స్టేజీ మీద నేను బాగా మాట్లాడానని బాబాయి చెప్పాడు కదా, నేను స్టేజీ ఎక్కనే లేదు. నా పేరు పిలిచేసరికి ఒక మేస్త్రీ చేతిలో సుత్తి లాక్కుని ఆ దిమ్మె మూల పగలగొడుతున్నాను. బాబాయి నడుం పట్టి ఈడ్చుకుపోయాడు.

"మీ అన్నగారబ్బాయేనా?" అన్నారెవరో.

"కాదండీ, ఎవడో తాగుబోతు" అన్నాడు బాబాయి.

తాగలేదమ్మా. మాట్లాడాల్సింది కూడా అనుకునే వెళ్ళాను. నేను బడి మానేసిన రోజు నువ్వు చీపురు పట్టుకుని వెంటపడితే నాన్న అడ్డమొచ్చి, "వాడికి కాస్త సందు వదలవే. బిగించి కట్టింది ఎండకి ఆగదు" అన్నాడే, అది చెబుదామనుకున్నాను. ఆయన ఇల్లు పట్టనివాడో కాదో వాళ్ళకే తెలిసేది.

ఆ రాయి మీద నాన్న పేరు తడిమి చూడాలని నీకెంత ఆశో నాకు తెలుసు. దాన్ని తీయమని నువ్వే రాయాలంటే చెయ్యి రాదనీ తెలుసు. పారేయమనను. వంతెన దిగాక గట్టు మీద పెట్టిస్తాను, సుత్తి ముట్టుకోను, ఒట్టు. రెండు ముక్కలు రాసి కింద సంతకం పెట్టి పంపు.

నిన్న ఇంటికొస్తూ బస్సులో వంతెన దాటాను. మూడుసార్లు టక్కుమంది. నాలుగోచోట బస్సు మెత్తగా పోయింది. నా నోరు ఆగలేదు, "నాన్న" అన్నాను. పక్క సీటాయన నా వంక చూసి కాస్త జరిగి కూర్చున్నాడు.

మనం ముగ్గురం దాటేశామమ్మా. ఆయనింకా అక్కడే ఉన్నాడు.

ఇట్లు,
నీ బుడ్డోడు