గొర్రెపిల్లకు సబ్బు స్నానం

ఏమండీ, పాలపీక కొనడానికి మందుల షాపుకు వెళ్తున్నాను. పొయ్యి పక్కన బుట్టలో ఉన్నది పొద్దున మీరు వాసన సబ్బుతో తలంటిన గొర్రెపిల్లే. ఒంటి మీది వాసన పోయేసరికి తల్లి దాన్ని తన పిల్ల కాదని తన్ని తరిమేసింది. ఏం, దాన్ని ఆఫీసుకు పంపుతున్నామా?

తల్లి దగ్గర పిండిన పాలు గిన్నెలో ఉన్నాయి. గంటకోసారి గోరువెచ్చగా చేసి చెంచాతో పట్టండి.

నల్లమూతి గొర్రె ఈ పూటే ఈనేలా ఉంది. ఈనితే చేతులు కట్టుకుని నిలబడండి చాలు. పిల్లను తల్లే నాకి శుభ్రం చేసుకుంటుంది, మీ సాయం అడగదు. సబ్బు దాచేశాను, వెతక్కండి.

అన్నట్టు, పిల్ల అరుపు ఆపకపోతే మీరు విడిచిన చొక్కా కప్పాను. ఆ వాసనకు వెంటనే నిద్రపోయింది. మీరు ఊరెళ్లినప్పుడు నేనూ అంతే. ఇది చదివి మీసం మెలేయకండి, ముందు పాలు పట్టండి.