పాఠం చేరనివాళ్లు

అన్నయ్యా,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. నువ్వు ఫోనుతో సహా సముద్రంలో పోయి ఇవాళ్టికి మూడు నెలలు. నేను పాఠాలు చెప్పే పదో తరగతి వాట్సాప్ గ్రూపులో నీ నంబరు ఇంకా ఉంది. "నాన్న నంబరు తీసీకు అత్తా" అంది నీ కూతురు.

పాఠాలు పిల్లల నాన్నల ఫోన్లకే పంపుతాను కదా. పొద్దున తుపాను పాఠంతోపాటు ఇవాళ్టి గాలివాన హెచ్చరిక కూడా పెట్టాను. క్లాసులో ముగ్గురు లేచి, "మా నాన్నోళ్లు తెల్లారకుండానే వేటకెల్లిపోనారు టీచరు, ఫోన్లూ పట్టుకెల్లిపోనారు" అన్నారు.

సాయంత్రమైంది. గాలి పెరుగుతోంది. ఆ హెచ్చరిక ఎవరికి చేరలేదో మళ్లీ తెరిచి చూశాను. ఇన్నాళ్లూ అక్కడ నీ పేరొక్కటే ఉండేది.

ఇప్పుడు నీ కింద మూడు పేర్లున్నాయి.