మన ఊరెక్కడ?

మామయ్యగారికి నమస్కారాలు.

సముద్రం అవతలి బేరగాడు మన కుర్చీలు ఊగుతున్నాయని రేవు షెడ్డులోనే వదిలేశాడు. పైన రేకులు కారుతున్నాయి. మీరు రాసిన ఒప్పందంలో ‘తగాదా వస్తే మన ఊళ్లో మధ్యవర్తి తేల్చాలి’ అని ఉందిగా. నేనిక్కడ ఒకాయన్ని కూర్చోబెట్టి అతని కోసం చూశాను. అతను తన ఊళ్లో ఇంకొకాయన్ని కూర్చోబెట్టి నా కోసం చూశాడట. రానందుకు ఒకరి మీద ఒకరం తీర్పు తెచ్చుకున్నాం. రెండూ చెల్లవంటున్నాయి కోర్టులు. ఇంతకీ ‘మన’ అంటే ఎవరి ఊరండీ?

అల్లుడు

తా.క. ఇది చదివి మీ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను నాయనా. బడికి వెళ్లకుండానే లా పుస్తకాలు నమిలానని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి. ముందు ‘మా ఊళ్లో’ అనే రాశాను. పరాయివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టినట్టు అనిపించి కొట్టేశాను. మర్యాదకి ఇల్లూ వాకిలీ అన్నీ ‘మన’ అంటాం. ఒక్క భార్య దగ్గరే జాగ్రత్తపడి ‘మా ఆవిడ’ అంటాం. మధ్యవర్తి కూర్చునే ఊరూ ఆ కోవలోదేనని ఇప్పుడు తెలిసింది. తప్పు నాదేనని ఈ ఉత్తరం అతనికి చూపించు. ఊరి పేరు రాసి ఇద్దరూ మళ్లీ సంతకాలు పెట్టండి.

మీ మామయ్య

తా.క. (కాగితం వెనక) నువ్విచ్చిన కుర్చీ కూడా ఊగుతుంది. నొచ్చుకుంటావని చెప్పలేదు. మీ అత్తయ్య దాని కాలి కింద అట్టముక్క పెట్టింది.

మామయ్యగారికి,

మీ ఉత్తరం తర్జుమాకిచ్చి, అటునుంచి అటే అతనికి పంపించేశాను. ఇక దిగుల్లేదు.

అల్లుడు

నాయనా,

పంపేముందు వెనక్కి తిప్పి చూశావా?

మామయ్య

మధ్యవర్తిగారికి,

చూడలేదు. అతను చూశాడు. సొంత అల్లుడి కుర్చీ ఊగుతుందని రాసినవాడికన్నా నిష్పక్షపాతి ఎక్కడా దొరకడట. మీ ఊరి పేరు, మీ పేరు రాసి, మీ మాటే ఆఖరని సంతకం పెట్టి పంపాడు. కుర్చీలు తడిసిపోతున్నాయి, మరో దారి లేక నేనూ పెట్టాను. సిగ్గు ఇప్పుడు నా వంతు. తీర్పయ్యేదాకా ఒక పక్షంవాడు మధ్యవర్తికి చాటుగా ఉత్తరాలు రాయకూడదట. అందుకని ఇదే ఆఖరు. దీని నకలు అతనికీ పంపుతున్నాను.

ఇట్లు, ఒకటో పక్షం

తా.క. మీ అమ్మాయి ఏ పక్షమూ కాదట. తను రాస్తుంది. నాలుగు కాగితాలు చింపేసింది, నాన్నగారా మధ్యవర్తిగారా అని ఇంకా సంబోధన దగ్గరే ఉంది.