శూన్యరాజు చావుకేక

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఆడియో నాటకంలో గ్రహాలను తగలబెట్టే నీ శూన్యరాజును ఇవాళ చంపేశాను.

స్వోర్డ్స్ ఊళ్లోని మన ఫ్లాట్‌లో, చలికోట్లు తగిలించే అల్మారాలో దూరి రికార్డు చేసేవాళ్లం. ఎముకలు విరిగే చప్పుడుకు మునక్కాడలు, తల పగిలే చప్పుడుకు కొబ్బరికాయ. ఒకసారి నువ్వు “నీ పేగులు తీసి మెళ్లో వేసుకుంటా” అని గర్జించి, నేను కెవ్వుమంటే, పక్క ఫ్లాట్ ఆవిడ గార్డులకు ఫోన్ చేసింది. ఆ ఐరిష్ పోలీసులొచ్చేసరికి కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డావు. ఆ రాత్రి సాంబారు నిండా విరిగిన ఎముకలే.

చావుకేక మాత్రం వాయిదా వేస్తూ వచ్చావు. “విలన్ అంత తొందరగా చావడే, ఆఖర్న చూద్దాం” అన్నావు.

ఇవాళ పుచ్చకాయను పొడిచాను. కత్తి పిడిదాకా దిగింది. మళ్లీ పొడిచాను. మోచేతుల దాకా ఎర్రగా కారింది. నీ కేక ఉండాల్సిన చోట చప్పుడు లేదు. గొంతు చీరుకుపోయేలా నేనే అరిచాను.

తలుపు చప్పుడైంది. పక్క ఫ్లాట్ ఆవిడే. ఈసారి గార్డులను పిలవలేదు. నా చేతిలోని కత్తి తీసి సింకులో పెట్టి, “యు ఆర్ గ్రాండ్, లవ్” అంది, ఏం ఫర్వాలేదులే తల్లీ అన్నట్టు.

మైకు ఆపడం మరిచిపోయాను. శూన్యరాజు నా గొంతుతో చచ్చాడు, అన్నయ్యా.