చివరి అతుకు

చిట్టికి,

ఈ ఉత్తరం మొత్తం చదివేదాకా కారు స్టార్ట్ చెయ్యకు. ముందు ఆ మాట రాసేశాను, మిగతాది నిదానంగా చెబుతాను. నీ టైర్లు తెస్తున్న వ్యాను డ్రైవరు బాబాయికి, టైర్లు దించకముందే ఇది నీ చేతిలో పెట్టాలని మరీ మరీ చెప్పాలి. ఫోన్ చెయ్యొచ్చుగా అంటాడు ఆయన. మొన్నటి నుంచి నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ భోంచేశావా, లాడ్జిలో నీళ్ళు వస్తున్నాయా అని అడిగి పెట్టేశాను. ఈ పొద్దున ధైర్యం కూడగట్టుకుని చేస్తే నీ ఫోన్ ఆపేసి ఉంది. కార్ల పోటీకి రెండు రోజుల ముందు నువ్వు ఫోన్ ఆపేస్తావని నాకు తెలియని సంగతేం కాదు. తెలిసే ఇంతదాకా నాన్చాను.

నీ కారు అడుగు మెలిక తిరగకుండా నేను కట్టిన గొట్టాల బ్రేసులో ఒక అతుకు నేను చూడకుండా వేశాను. కళ్ళు తెరిచే ఉన్నాను, కానీ కనబడలేదు.

నా ఎడమ కన్ను పాడవుతోందమ్మా. ఏడాది దాటింది. ఎటు చూసినా నట్టనడుమ మసక మచ్చ ఒకటి, దాని చుట్టూ గీతలన్నీ వంగిపోయి కనిపిస్తాయి. మీ వదినకు తెలియదు. నేను పనిచేసే ట్యాంకుల షాపులో ఎవరికీ తెలియదు. కన్ను సరిగా లేని వెల్డరుని ఓనరు ఎన్నాళ్ళు ఉంచుకుంటాడు చెప్పు? అందుకే కొలతల పని, కటింగు పని నా మీద వేసుకుంటూ నెట్టుకొస్తున్నాను. ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. పెట్టాక లేచి వెళ్ళి, వంటింట్లో కుళాయి కట్టేసి ఉందో లేదో చూసొచ్చాను. కట్టేసే ఉంది.

ఏడు ఆదివారాలు ఆ కారు మన షెడ్డులో స్టాండ్ల మీద ఉంది. మీ వదిన దాన్ని కొత్తల్లుడని పిలిచేది. ఇంట్లో మంచి చోటు దానిదేనట, పని మాత్రం చెయ్యదట. "మలుపులో ఒళ్ళంతా మెలిక తిరుగుతోంది అన్నయ్యా, నేనొక దారంటే అదొక దారంటోంది" అని నువ్వు చెప్పిన రోజే నేను దాని కిందకి దూరాను. ఫ్రిజ్ అట్టపెట్టె కోసి నమూనాలు చేశాం. ముందు చక్రాల దగ్గర నుంచి వెనక చక్రాల దాకా మూలకి మూల దారం కట్టి కొలిచాం. పొద్దస్తమానం డ్రైవింగ్ స్కూల్లో ఊరందరికీ క్లచ్ నేర్పి వచ్చి, నువ్వు నా పక్కన నేల మీద పడుకుని టార్చి పట్టుకున్నావు. పొడుగు గొట్టం వంకరగా ఉందని నాకు అనుమానం వచ్చి నిన్నడిగితే నువ్వూ అవునన్నావు. రెండుసార్లు విప్పి కోసి మళ్ళీ అమర్చాను. ఎంత సంతోషంగా ఉండేదో ఆ పని. మూడో అతుకు చేపపొలుసుల్లా వరసగా, అందంగా వచ్చిందని మీ వదినని పొయ్యి దగ్గర నుంచి లాక్కొచ్చి మరీ చూపించాను.

మొత్తం ఎనిమిది అతుకులు. ఏడు బాగానే వేశాను. ఎనిమిదోది వెనక కుడి చక్రం పక్కన, ఇరుకు మూలలో ఉంది. వేడికి గొట్టం ఒక పక్కకి లాక్కుపోకుండా ఉండాలంటే దాన్ని కారుకి బిగించి ఉండగానే వెయ్యాలి. వెల్లకిలా పడుకుని తల చక్రానికి ఆనిస్తే, ఆ మూలకి ఎడమ కన్ను ఒక్కటే అందుతుంది. మొహం మీదకి నల్లద్దం దించి వెల్డింగు రాడ్డు అంటించాను. వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. ఇనుము ఎక్కడ కరుగుతోందో, గొట్టం ఎక్కడుందో తెలియలేదు. ఆపి ఉండాల్సింది. చప్పుడు విని చెయ్యి నడిపించాను. ఇరవై ఆరేళ్ళుగా వింటున్న చప్పుడు కదా అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను.

అది ఒక తప్పు. అంతకన్నా పెద్దది తర్వాత చేశాను. మా షాపులో అతుకు వేసినవాడు రంగు వెయ్యకూడదు. రెండోవాడు చూడాలి. కిరోసిన్ రాసి, తుడిచి, సుద్దపొడి చల్లాలి. చీలిక ఉంటే అందులోకి దూరిన కిరోసిన్ సుద్దలోకి ఊరి గీతలా కనిపిస్తుంది. అది అయ్యాకే రంగు. మొన్న నువ్వు పెట్రోలు కోసం వెళ్ళిన అరగంటలో నేనే నల్లరంగు డబ్బా తీసి ఎనిమిదింటికీ పూసేశాను. నువ్వొచ్చి, అబ్బ, కొత్తదానిలా ఉందన్నావు. నేను నవ్వాను.

పోటీ వేగంలో ఆ అతుకు ఊడితే గొట్టం కిందకి వేలాడి రోడ్డుకి గుచ్చుకుంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో రాయడానికి నా చెయ్యి రావడం లేదు. బయట ఏ బండి బ్రేకు కీచుమన్నా వీధిలోకి వెళ్ళి చూసొస్తున్నాను. నిన్న షాపులో ఎవరిదో ఫోన్ మోగితే కొలతల టేపు వదిలేశాను. నీకేమన్నా అయితే నేను ఇంక మనిషిని కాను చిట్టీ.

వ్యాను వీధి చివర కనిపిస్తోంది. నేనూ ఎక్కి వచ్చేద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. నీ మొహం చూస్తూ ఇదంతా చెప్పలేనని విప్పేశాను. బ్రేసు విప్పెయ్, తల్లీ. పదహారు బోల్టులు, అంతే. అది లేకుండా నడుపు, లేదా నడపనే నడపకు. తిట్టాలనుంటే ఇంటికొచ్చి తిట్టు.

పిరికివాడు,
నీ అన్నయ్య

*

అన్నయ్యా,

నేను క్షేమం. ఆ ఒక్క ముక్కా నిన్న సాయంత్రమే డ్రైవరు బాబాయి చేత నీకు ఫోన్ చేయించాను. నీ గొంతు వింటే ఇది చెప్పలేను, అందుకే నేనూ కాగితం పట్టుకున్నాను. ఈ విషయంలో ఇద్దరం ఒక్క తల్లి పిల్లలమే.

నీ ఉత్తరం అందేసరికే నేను పాత టైర్లతోనే ట్రాక్ మీద పన్నెండు చుట్లు తిరిగి వచ్చాను. చివరి రెండు చుట్లలో కింద ఏదో టిక్కుమంది. రాయి అనుకున్నాను. నీ ఉత్తరం సగం చదివి టైర్ల మీద కూర్చుండిపోయాను. ఇక్కడి గడ్డం మెకానిక్కు బ్రేసు విప్పి ఎనిమిదో అతుకు మీద రంగు గీకేశాడు. కిరోసిన్ రాశాం, సుద్ద చల్లాం. పావుగంట చూశాం, అరగంట చూశాం. ఏమీ లేదు. తెల్లగా అలాగే ఉంది. అతను సుత్తితో కొట్టి కూడా చూశాడు. "ఈ అతుకు వేసిన చెయ్యి ఎవరిదమ్మా?" అన్నాడు.

ఎలాగూ గీకాం కదా, మిగతావి కూడా చూద్దామన్నాను. మూడో దాని మీద సుద్ద వేసిన నిమిషంలోనే గీత వచ్చింది. గొట్టం చుట్టూ సగం దాకా. అవును, నువ్వు వదినని పిలిచి చూపించిందే. ఇంకో రెండు చుట్లు తిరిగితే ఊడిపోయేదని మెకానిక్కు అన్నాడు. నీ ఉత్తరం రాకపోతే ఈ పొద్దున నేను మళ్ళీ ట్రాక్ మీదకి వెళ్ళేదాన్ని.

ఇక నా వంతు. ఆ పొడుగు గొట్టం వంకరగా లేదు అన్నయ్యా. ఎప్పుడూ లేదు. దారం కట్టినట్టు తిన్నగా ఉంది. నువ్వు వంకరా అని అడిగినప్పుడు నీ గొంతు ఎలాగో అయిపోయింది. అంతకు ముందే అద్దం ముందు ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో నిన్ను నువ్వు చూసుకోవడం చూశాను. లేదు, తిన్నగానే ఉందంటే నీకు నీ కన్ను సంగతి తేలిపోతుందని, అవును, కొంచెం వంకరే అన్నాను. రెండోసారీ అలాగే అన్నాను. రెండుసార్లు కోశాక గొట్టం పొట్టిదై మూడో అతుకు దగ్గర నాణెం మందం సందు మిగిలింది. నువ్వు రాడ్డు కరిగించి దాన్ని పూడ్చావు. పగిలింది ఆ పూడ్చిన చోటే.

నీ మీద జాలితోనే చెప్పలేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నీ కన్ను సంగతి బయటపడితే నువ్వు పని ఆపేస్తావు, నా కారు ఆగిపోతుంది. అది కూడా అనుకున్నాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

పోటీ నుంచి పేరు తీయించేశాను. ఈ ఉత్తరం బాబాయి తిరుగు వ్యానులో పంపుతున్నాను, రేపు సాయంత్రానికి నేనూ ఇంట్లో ఉంటాను. వదినకి నేను వచ్చేలోపే చెప్పు. సోమవారం కంటి డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళుతున్నాం. షాపులో ఏమంటారో తర్వాత చూసుకుందాం.

నాకు చావంటే భయం లేదని స్కూల్లో అందరూ అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నిన్న టైర్ల మీద కూర్చుంటే ఒకటే ఆలోచన నన్ను భయపెట్టింది. నేను పోయి ఉంటే, ఆ ఎనిమిదో అతుకే నన్ను చంపిందని నువ్వు బతికినంతకాలం అనుకునేవాడివి. అది కాదని నీకు చెప్పడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

నీ
చిట్టి