నాకొక్క ఆదివారం

సెప్టెంబర్ 22, సోమవారం

కోపంగా ఉన్నాను. అందుకే ఈ నోటుబుక్కు తీశాను.

పొద్దున శంకరనారాయణ సార్ పనివాళ్ళందరినీ గ్లాస్‌హౌస్ ముందు నిలబెట్టి ప్రోగ్రామ్ చదివాడు. ఈ సస్యోద్యానానికి, అదే బొటానికల్ గార్డెన్‌కు, ఆయనే ఇన్‌చార్జి. వానలు తగ్గాయి, మా చింతామణి ఊరు సగం పొద్దున నడకకు ఇక్కడికే వస్తోంది. కాబట్టి అక్టోబర్ నెలాఖరు దాకా ప్రతి ఆదివారం చెట్ల నడక, బుధవారాలు ఆడవాళ్ళకు ఎరువు క్లాసు, దీపావళికి చేమంతుల షో. చెట్ల దగ్గర ఆగి వాటి సంగతులు జనానికి చెప్పేది బెంగళూరు నుంచి వచ్చే స్మిత. ఎమ్మెస్సీ బాటనీ. నా పని స్పీకర్ బాక్సు మోయడం.

మూడేళ్ళుగా ఈ చెట్లకు నీళ్ళు పెడుతున్నది నేను. బోర్డుల మీద పక్షుల రెట్ట కడుగుతూ కడుగుతూ రెండు వందల పన్నెండు లాటిన్ పేర్లు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తర్వాత నన్నెవరూ ఏదీ నేర్చుకోమనలేదు.

నాకొక్క ఆదివారం ఇవ్వండి సార్ అన్నాను. నవ్వాడు. నీకిస్తే జనం మీద పడి తిడతావు కదమ్మా సహనా, పోయిన వారం మీనాక్షమ్మను ఏమన్నావో మరిచిపోతివా అన్నాడు.

మరిచిపోలేదు. మీనాక్షమ్మకు బజారులో బట్టల అంగడి ఉంది. రోజూ పొద్దున కర్రకు కొక్కెం కట్టుకుని వచ్చి, దేవుడికని నందివర్ధనాలన్నీ కోసుకుపోతుంది. మీ దేవుడినే ఇక్కడికి తోలుకుని రామ్మా, చెట్టు మీదే చూసుకుని పోతాడు అన్నాను. అంతే. అది తిట్టా?

సెప్టెంబర్ 23

తిట్టే. అయినా నిజమే.

సెప్టెంబర్ 28, ఆదివారం

మొదటి నడక. ముప్పై మంది వచ్చారు. బాక్సు ఏడు కిలోలు ఉంటుంది. స్మిత బాగా చెప్పదేమో అని ఆశపడ్డాను. బాగానే చెప్పింది. అదే మంట.

ఏడాకుల పాల చెట్టు పూతకొచ్చింది. ఆ వాసనకు సగం మంది ముక్కు మూసుకున్నారు. ఈ చెక్కతో ఒకప్పుడు పిల్లలకు పలకలు చేసేవారని స్మిత చెబితే ఆహా అన్నారు. ఎవరు నాటారని ఒక పెద్దాయన అడిగితే స్మిత నా వైపు తిరిగింది. మా మేస్త్రి గంగాధరప్ప నాటాడు అన్నాను. మైకు నా చేతిలో లేదు కాబట్టి అరిచి చెప్పాను. పెద్దాయన అదిరిపడ్డాడు.

సెప్టెంబర్ 30, మంగళవారం

రేపు ఆయుధపూజ. గడ్డపారలు, కొడవళ్ళు, కత్తెరలు, తోపుడుబండి, అన్నీ కడిగాం. గంగాధరప్పకు ముప్పై ఏళ్ళ సర్వీసు, పూజంటే పిచ్చి. చివరికి నీళ్ళ ట్యాంకు కూడా కడగమని నన్ను పైకెక్కించాడు. నేను లోపల పాచి గీకుతుంటే కింది నుంచి ఏదో అరుస్తూనే ఉన్నాడు. నా బుర్రలో సార్ మాటే తిరుగుతోంది. మధ్యాహ్నం సార్‌ను మళ్ళీ ఆదివారం అడిగాను. మళ్ళీ లేదన్నాడు.

అయిదయ్యింది. దిగి ఇంటికి వచ్చేశాను.

అక్టోబర్ 2, గురువారం

చెప్పులు విప్పకుండానే రాస్తున్నాను.

పూజకు పెట్టిన ఆయుధాన్ని దసరా దాటేదాకా ముట్టరు. రేపు పొద్దున కొబ్బరికాయ కొట్టాకే పని. ఈరోజు సెలవు. అయినా మనసాగక వెళ్ళాను. దీపావళి షోకు పెంచుతున్న చేమంతులు, ఆరు వందల కుండీలు, మొగ్గలతో సహా తల వాల్చేసి ఉన్నాయి. నిన్నంతా మంట ఎండ. పండగ రెండు రోజులూ ట్యాంకు నుంచి సన్న పైపుల్లో కుండీలకు నీళ్ళు పడాలి. కొళాయి తిప్పితే గాలి వచ్చింది. మోటారు వేద్దామని షెడ్డులోకి వెళితే స్టార్టర్ డబ్బాకు పసుపు, కుంకుమ, మూరెడు పూలదండ. గంగాధరప్ప దాన్నీ పూజలో కలిపేశాడు.

దండ తీసి పక్కన పెట్టాను. స్టార్టర్ నొక్కాను.

సరిగ్గా అప్పుడే ఆయన తెల్ల పంచెలో, దీపం పెట్టడానికి వచ్చాడు. ఏం పని చేస్తివే, పూజకు పెట్టినదాన్ని ముడతారా అన్నాడు. చెట్లకు దప్పికైతే శుక్రవారం దాకా ఆగమని చెప్పాల్నా అన్నాను. ముప్పై ఏండ్లుగా చేస్తాండాం, యాడ ఏ చెట్టు సచ్చిందో చూపీ అన్నాడు. మోచేయి పట్టుకుని లాక్కెళ్ళి చూపించాను. నడకకు వచ్చినవాళ్ళు గుమిగూడారు, కొక్కెం కర్రతో మీనాక్షమ్మ కూడా. ట్యాంకు ఎండబెట్టి మోటారుకు దండ వేసే మేస్త్రిని ఏ ఊళ్ళోనూ చూడలేదు అని అందరి ముందూ అన్నాను. ఇంకా చాలా అన్నాను.

ఆయన ఏదో చెప్పబోయాడు. నన్నొకసారి చూశాడు. నోరు మూసుకున్నాడు. దీపం వెలిగించి, వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 3, శుక్రవారం

చేమంతులు లేచాయి! పది కుండీలు తప్ప అన్నీ.

సార్ అందరి ముందూ గంగాధరప్పను కడిగేశాడు. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత సార్ నా వైపు తిరిగి, తోట మీద ఇంత ప్రాణం పెట్టే పిల్లకు ఇవ్వకపోతే ఎవరికిస్తాం, చివరి నడక అక్టోబర్ 26 నీదే అన్నాడు.

నాదే. నాదే. నాదే.

అక్టోబర్ 5, ఆదివారం

గంగాధరప్ప నాతో మాట్లాడటం లేదు. పార కావాలంటే పక్కవాళ్ళతో చెప్పించి అడుగుతాడు. నాకేం.

స్మిత ఇవాళ నడకయ్యాక నాతో బాక్సు మోసింది. ఒక నడక నీకివ్వమని మొదటి వారం నుంచీ సార్‌కు చెబుతున్నాను అంది. ఈ మనిషి మీద కోపం పెట్టుకోవడం కష్టంగా ఉంది.

అక్టోబర్ 8, బుధవారం

ఎరువు క్లాసు, చెప్పేది స్మితే. ఎండాకులు, పేడ, నీళ్ళు. మీనాక్షమ్మ ఇస్త్రీ చీరలో వచ్చి, పేడ చూసి వెనక్కి జరిగింది. కాసేపటికి మోచేతుల దాకా ముంచి, మా అంగట్లో పట్టు గూడా ఇంత మెత్తగా ఉండదమ్మా అంటూ కలుపుతోంది. అందరూ నవ్వులే.

తడపడానికి ట్యాంకు నీళ్ళు పడుతుంటే స్మిత అడిగింది. ఇంత పెద్ద ట్యాంకు, రెండు రోజులకు సరిపోతుంది కదా, మరి పండగనాడు ఎలా ఖాళీ అయింది అని.

గంగాధరప్ప వల్ల అనబోయాను. చేయి కొళాయి మీదే ఉంది.

ఖాళీ చేసింది నేను. కడగడానికి. ఆయన కింది నుంచి అరిచింది ఇప్పుడు చెవిలో వినిపిస్తోంది. కడిగి నింపీ పాపా, నింపీనంకనే ఇంటికి పో అని. నేను నింపలేదు. సార్ మీద కోపంతో దిగి వచ్చేశాను. నింపే ఉంటానని నమ్మి ఆయన మోటారుకు దండ వేశాడు.

ఆయనకు ఆ రోజే తెలుసు.

అక్టోబర్ 9

చెప్పలేదు.

అక్టోబర్ 10

చెబితే ఆదివారం పోతుంది. చెప్పలేదు. అన్నం సహించలేదు.

అక్టోబర్ 13, సోమవారం, పొద్దున 9.10

చెప్పేశాను. సార్ టేబుల్ ముందు నిలబడి, గుక్క తిప్పుకోకుండా. ట్యాంకు ఖాళీ చేసింది నేను. నింపమన్నది ఆయన. నింపకుండా పోయింది నేను. తిట్లు తిన్నది ఆయన. నా ఆదివారం తీసేసుకోండి.

సార్ కళ్ళజోడు తుడుచుకుని, సరే, తీసేసుకున్నా అన్నాడు. కాస్తయినా ఆలోచిస్తాడనుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం 3.00

సార్ గంగాధరప్పను పిలిచి, ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగాడు. ఆయన తువ్వాలు దులిపి, పాపకు మతికొస్తే తనే చెప్తాది, రాకపోతే నేను చెప్పీ ఏం లాభం సార్ అన్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. తప్పయిపోయిందప్పా అన్నాను. ఇంత మెల్లగా గూడా మాట్లాడతావా నువ్వు అన్నాడు.

ఆదివారం స్మితకే ఇచ్చేస్తున్నా అని సార్ అంటే, గంగాధరప్ప అడ్డం వచ్చాడు. వద్దు సార్, ఈ పాపకే ఇయ్యండి, మూడేండ్లుగా ఈమె తిట్లు నేనొకణ్ణే తింటాండా, ఊరు గూడా రవ్వంత తినని అన్నాడు.

సార్ ఎంత నవ్వాడంటే ప్యూన్ నీళ్ళు తెచ్చిచ్చాడు.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. షోకు జనం తోసుకుంటూ వచ్చారు. పసుపు, తెలుపు, ఇటుక రంగు. అయిదు వందల తొంభై.

అక్టోబర్ 26, ఆదివారం

రాయకపోతే నిద్ర పట్టదు.

పొద్దున మంచు. అరవై మంది. రాసుకున్న కాగితం చేతిలో తడిసి ముద్దయింది. మైకులో నమస్కారం అన్నాను. రెండు వందల పన్నెండు పేర్లలో ఒక్కటీ రాలేదు. సార్ గడియారం చూసుకున్నాడు.

అప్పుడు ఎదురుగా ఉన్న రావిచెట్టు బెరడు మీద చెక్కిన గుండె బొమ్మ కనబడింది. లోపల రెండు పేర్లు. అంతే, కాగితం పారేశాను. ఇది చెక్కినోడు ఇక్కడుంటే ముందుకు రా, నీ వీపు మీద ఈ చెట్టు పేరు రాస్తాను, లాటిన్‌లో, ఫైకస్ రెలిజియోసా, పద్నాలుగు అక్షరాలు, ఇంగ్లీషులోనే అన్నాను. అరవై మందీ ఒకేసారి నవ్వారు.

ఇక ఆగలేదు. సీతాఫలం కన్ను విప్పకముందే తెంపేవాళ్ళను తిట్టాను. వెదురు పొదలో చిప్స్ ప్యాకెట్లు కుక్కేవాళ్ళను తిట్టాను. తిట్టిన ప్రతిచోటా ఆ చెట్టు సంగతి దానంతటదే వచ్చేసింది. బెరడులోంచి వేర్లకు తిండి ఎలా దిగుతుందో, కన్ను విప్పడమంటే ఏమిటో. ఒకావిడ మొగుణ్ణి ముందుకు తోసి, ఈయప్పను గూడా ఒక మాట అనమ్మా, వేర్లలో గుట్కా ఉమ్ముతాడు, నా మాట వినేదే లేదు అంది. అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కానీ చివరిదాకా వచ్చాడు.

నందివర్ధనం దగ్గర మీనాక్షమ్మ కొక్కెం కర్ర వీపు వెనక దాచుకుంది. నేనేమీ అనకుండా దాటాను. నన్నేంటికి విడిచిపెడతావు, నేనేం తక్కువా అని వెనక నుంచి అరిచింది. అందుకని తిరిగొచ్చి తృప్తిగా తిట్టాను. ఇంట్లో నాటుకోవడానికి కొమ్మ ఒకటి కత్తిరించి ఇచ్చాను.

బాక్సు మోసింది గంగాధరప్ప. వద్దన్నా వినలేదు. ఏడాకుల పాల దగ్గర, ఇది నాటిన మనిషి మీ పక్కనే ఉన్నాడు చూడండి అన్నాను. జనం తిరిగి చూస్తే ఆయన బాక్సు చాటుకు తల దాచుకున్నాడు. మళ్ళీ నడక ఎప్పుడని సార్‌ను చుట్టుముట్టారు. నెలనెలా పెడతాం అనేశాడాయన.

అక్టోబర్ 27, సోమవారం

గొంతు పూర్తిగా పోయింది. గంగాధరప్ప రోజంతా నా వెంటే తిరిగి, నేను వేలు చూపించిన వాళ్ళనల్లా నా బదులు తిట్టాడు. సరిగా తిట్టడం రాదు. ప్రతివాళ్ళకూ చివర్లో, అన్నం తింటివా అప్పా అంటాడు.