సర్వోకు కడుపు నిండాక

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ నా మోకాళ్ళూ ఒకరినొకరు తిట్టుకుంటూ క్షేమంగానే ఉన్నాం. అక్కడ అందరూ క్షేమమని మీరు ఒక్క వాక్యంలో తేల్చేసి, మిగతా ఉత్తరమంతా మన రిమోట్ బొమ్మబండికే కేటాయించారు కాబట్టి, నిజంగానే బాగున్నారని తలుస్తాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వంటింటి కుళాయి కారడం ఆగింది. ప్లంబరు రాలేదు, వాషరు నేనే మార్చాను. అమ్మాయి కాలి కట్టు విప్పేదాకా మీరక్కడే ఉండండి. మనవరాలిని బడికి దిగబెట్టడానికి మీకంటే తీరికైన మనిషి మన వంశంలో ఇంకొకరు లేరు. కిందింటావిడ మిమ్మల్ని అడిగింది. ఆయన లేక ఇల్లు బోసిపోయిందా అంది. విశాలంగా ఉంది అన్నాను.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ఆ బండి పనికిరాదు, క్లబ్బు కార్యదర్శికి ఇచ్చేశావా, రిమోట్ మాత్రం నువ్వు ముట్టుకోకు, చివరి పోటీకి వచ్చి కొత్త బండి నడుపుతాను అని రాశారు. బండి ఇవ్వలేదు. రిమోట్ ముట్టుకున్నాను. అసలు మనిద్దరి తగువూ ఆ రిమోట్ దగ్గరే. మన క్లబ్బులో బండికి ఇద్దరు మనుషులు కదా: మీటలు తిప్పేవారొకరు, బండి తిరగబడితే లేపేవారొకరు. ఇన్నేళ్ళూ మీరు గీత అవతల నీడలో నిలబడి మీటలు తిప్పారు. నేను ఎండలో దాని వెనక వంగి నడిచాను. ఇంకెన్నాళ్ళు వంగాలి?

బండి ఎందుకివ్వలేదో చెప్పాలంటే కాస్త పాఠం చెప్పాలి. ఉద్యోగమంతా ఊళ్ళో పిల్లలకు ఫిజిక్సు చెప్పినదాన్ని, ఇంట్లో ఒక్కరికి చెప్పే అవకాశం ఇప్పటికి దొరికింది. మీరు మధ్యలో మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళలేరు.

ముందు చక్రాలను పక్కలకు తిప్పేది అగ్గిపెట్టంత సర్వో. గుట్ట ఎక్కేటప్పుడు చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కోగానే మీ బండి గుడ్లు తేలేసేది. సర్వోకు బలం చాలలేదని మీరు తేల్చారు. ఇరవై కిలోల బలమున్నదాన్ని తీసి పాతిక కిలోలది పెట్టారు, అదీ చాలదని ముప్పై అయిదు కిలోలది తెచ్చారు. బలం పెరిగినకొద్దీ బండి ఇంకా తొందరగా చచ్చింది. డబ్బా మీద అంకె చూశారు గానీ, దానికి తిండి ఎక్కడినుంచి వస్తుందో చూడలేదు. మోటారును నడిపే స్పీడ్ కంట్రోలరే, రిమోట్ ఆజ్ఞలందుకునే రిసీవరుకూ సర్వోకూ కలిపి కాస్త కరెంటు విదిలిస్తుంది. ఇరుక్కున్న సర్వో ఆ కాస్తా ఒక్క గుక్కలో లాగేస్తే వోల్టేజి పడిపోతుంది, రిసీవరుకు కళ్ళు తిరుగుతాయి, బండి ఆగిపోతుంది. ఆకలితో పడిపోయిన పహిల్వానును పంపేసి, వాడికంటే లావుపాటివాణ్ణి తెచ్చి, మీరు అదే గుప్పెడు మెతుకులు పెట్టారు.

బొమ్మల బళ్ళ కొట్టుకు వెళ్ళాను. కొట్టతను నన్ను చూడగానే మీరు చెప్పి ఉంచిన పెద్ద సర్వో తీసి బల్ల మీద పెట్టాడు.

"సారు ఇదే కావాలన్నారమ్మా. మీరేంటి, చవకది అడుగుతున్నారు?"

"సారు అంకెలు చదువుతారు నాయనా. నేను అంకెల కింద చీమతల అక్షరాలు చదువుతాను."

చదివాను. చవక సర్వోల డబ్బా మీద కిలోలు కొండంత అక్షరాల్లో ఉంటాయి, ఆ బలం ఎన్ని వోల్టుల దగ్గరో మాత్రం అడుగున దాక్కుంటుంది. లోపలి పళ్ళచక్రాలు లోహానివి, తడి తగలని మూత, చక్రాలను తోసే మన పాత చెయ్యి సరిగ్గా కూర్చునే ఇరుసు, ఇంతకంటే నాకేం కావాలి? ఇరవై కిలోలదే తీసుకున్నాను. దాంతోపాటు వోల్టేజి తగ్గించే చిన్న బోర్డు ఒకటి. బ్యాటరీ నుంచి నేరుగా కలిపితే సర్వో మాడిపోతుంది. బోర్డు మధ్యలో ఉండి ఆరు వోల్టులకు దించి, సర్వోకు వేరే కుంపటి పెడుతుంది. రిసీవరు నుంచి దానికి ఆజ్ఞ మోసే తీగ ఒక్కటి చాలనుకున్నాను.

చాల్లేదు. మీట తిప్పగానే చక్రాలు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. రిసీవరు నల్లతీగనూ బోర్డు నల్లతీగనూ కలపడం మరిచాను. నల్లతీగంటే గ్రౌండు. వేరు కుంపటైనా కాళ్ళ కింద నేల ఒకటే ఉండాలి, లేకపోతే ఒకరి మాట ఒకరికి అందదు. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, కలిపాక వణుకు తగ్గింది. చక్రం చివరిదాకా తిరిగాక కూడా సర్వో గోడను తోసినట్టు ఊరికే తోస్తూ వేడెక్కకుండా, రిమోట్‌లో దాని హద్దులు కూడా తగ్గించాను.

ఇక ఇంతసేపూ దాచిన సంగతి. మొన్న ఆదివారం ఎంపిక పోటీకి వెళ్ళాను. బండి లేపడానికి కిందింటావిడ గొడుగేసుకుని వచ్చింది. కార్యదర్శి నన్ను గీత దగ్గర చూసి మొహమాటంగా నవ్వాడు.

"సారు వచ్చాక ఆయనే నడుపుతారు కదమ్మగారూ, మీకెందుకు శ్రమ?"

శ్రమ నాకలవాటేనని చెప్పి, కొంచెం పక్కకు జరగమన్నాను.

మీ బండి ఎప్పుడూ చచ్చే నల్లరాయి దగ్గరే చక్రం ఇరుక్కుంది. వెనక ఎవరో అప్పుడే "అయిపోయింది" అన్నారు. సర్వో మూలిగింది. మూలుగుతూనే తిరిగింది. బండి గట్టెక్కింది. ఆ క్షణాన పక్కకు చూశాను, మీరు లేరు. ఉంటే బాగుండేదనిపించింది. ఉంటే రిమోట్ లాక్కునేవారని వెంటనే గుర్తొచ్చింది. ఆ తర్వాత ఒకసారి బోల్తా పడింది. కిందింటావిడ లేపింది. అందరికంటే చివర్న బండిని ముగింపు గీత దాటించాను, కానీ దాటించాను. గీత దాటిన బళ్ళన్నిటితోపాటు నాకూ చివరి పోటీకి అర్హత వచ్చింది.

కార్యదర్శి మీ పేరు రాయబోయాడు. ఎవరు నడిపితే ఏముందమ్మా, ఒకే ఇల్లు కదా అన్నాడు.

"ఇల్లు ఒకటే. పేర్లు రెండు. నాది రాయండి."

రాశాడు. ఎంపికలో నడిపినవారే చివరి పోటీలోనూ నడపాలన్న నిబంధన మీకు తెలుసు. మీరే పట్టుబట్టి పెట్టించారు.

కాబట్టి రిమోట్ ఇవ్వను. మర్యాదగా అడిగినా ఇవ్వను. పోనీ బండి లేపుతాను అంటారేమో, ఆ పని కిందింటావిడ వదలనంటోంది. చూసేవాళ్ళకు తాడు అవతల కుర్చీలు వేస్తారు. ముందు వరసలో మీకొకటి ఆపమన్నాను. కూర్చుని చూడండి. మధ్యలో లేచి "ఎడమకు, ఎడమకు" అని అరిస్తే మాత్రం, మీరెవరో నాకు తెలియదని అందరి ముందూ చెప్తాను.

ఇట్లు,
ఇంకా మీ భార్యనే